ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్: సింగిల్ స్టేజ్, టూ స్టేజ్, మ్యాచ్ ట్రిగ్గర్ – వేలికి తెలిసే తేడా ఎక్కడ వస్తుంది?

పాయింట్177 అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. రైఫిల్ 4.5 మి.మీ., స్ప్రింగ్ పిస్టన్, బ్రేక్ బ్యారెల్ (బ్యారెల్‌ను కిందికి విరిచి స్ప్రింగ్‌ను నొక్కే రకం). ట్రిగ్గర్ గురించి పెట్టె మీద "టూ స్టేజ్, అడ్జస్టబుల్" అని ఉంది. లాగితే మొదట కొంత దూరం వదులుగా వస్తుంది, తర్వాత బరువెక్కుతుంది. ఆ బరువులోనే ఇంకో మూడు మిల్లీమీటర్లు గరగరలాడుతూ జరిగి, ఎప్పుడు వదులుతుందో తెలియకుండా షాట్ వెళ్ళిపోతుంది. వేలాడదీసే డిజిటల్ తూకంతో పదిసార్లు చూస్తే 2.3 నుంచి 2.9 కిలోల మధ్య వచ్చింది.

నా సందేహాలు ఇవీ:

1. టూ స్టేజ్ అని పేరున్నా ఇలా ఎందుకుంది? మంచి ట్రిగ్గర్లలో లోపల వేరే ఏముంటుంది?
2. ఉన్న ఒక్క స్క్రూను రెండు చుట్లు తిప్పితే మొదటి వదులు తగ్గింది గానీ బరువు అంతే ఉంది. తిప్పాల్సింది ఇంకా ఉందా?
3. సియర్‌ను (పిస్టన్‌ను వెనక్కి పట్టి ఆపే కొక్కెం) సన్నటి ఆకురాయితో రుద్దితే నున్నగా అవుతుందని కొందరు అంటున్నారు. చెయ్యొచ్చా?
4. పీసీపీకి (ముందే నింపిన అధిక పీడన గాలితో కొట్టే రైఫిల్‌కి) మారితే ట్రిగ్గర్ బాధ దానంతటదే పోతుందా?

సియర్_మిత్ర:

పాయింట్177 గారూ, ముందు మూడో ప్రశ్న. రుద్దకండి. కారణం కింద చెప్తాను, ఈలోపు ఆకురాయి మాత్రం ముట్టుకోవద్దు.

స్టేజీలు ఒకటా రెండా అన్నదాన్ని కాసేపు పక్కన పెట్టండి. వేలికి తెలిసే బరువంతా సియర్ మీద ఎంత భారం పడుతోంది, ఆ భారం వేలి దాకా ఎన్ని మెట్లు దిగి వస్తోంది అన్నదాన్ని బట్టే ఉంటుంది. ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. 16 జౌళ్ళ శక్తినిచ్చే స్ప్రింగ్ రైఫిల్‌లో, స్ప్రింగులో దాచిన శక్తిలో మూడో వంతు పెల్లెట్‌కి చేరుతుందనుకుంటే లోపల 45 నుంచి 50 జౌళ్ళు ఉండాలి. పిస్టన్ 80 మి.మీ. వెనక్కి వస్తుందనుకుంటే సగటు బలం 60 కిలోల చుట్టూ తేలుతుంది. కాక్ చేసి, అంటే స్ప్రింగ్‌ను నొక్కి సిద్ధం చేసి పెట్టిన రైఫిల్‌లో ఈ భారాన్నంతా సియర్ అనే ఒక చిన్న ఉక్కు కొక్కెం ఆపుతోంది.

చవక ట్రిగ్గర్లలో చాలావాటిలో మీ వేలు నేరుగా ఆ కొక్కేన్నే జరుపుతుంది. గ్రీజు ఉన్న ఉక్కు మీద ఉక్కు జారేటప్పుడు రాపిడి పదో వంతు అనుకుంటే, 60 కిలోల భారం కింద నుంచి సియర్‌ను లాగడానికి 6 కిలోలు కావాలి. ట్రిగ్గర్ మీటగా పనిచేసి దాన్ని రెండో వంతుకో, రెండున్నరో వంతుకో తగ్గిస్తుంది. 2.4 నుంచి 3 కిలోలు. మీ తూకం చెప్పినదీ అదే. అంటే మీ రైఫిల్ పాడవలేదు, ఆ అమరికే అంత.

ఇప్పుడు జర్మన్ కంపెనీ వైరాఖ్ వాళ్ళ రెకార్డ్ ట్రిగ్గర్ చూడండి. హెచ్‌డబ్ల్యూ 30ఎస్ లాంటి చిన్న రైఫిల్ నుంచి 97 దాకా ఉండేది అదే. అందులో పిస్టన్ కొక్కేన్ని పట్టేది పై సియర్. దాని ఇరుసు ఎక్కడ పెట్టారంటే, భారంలో ఎక్కువ భాగం ఇరుసు పిన్ను మీదే పడి, కొద్ది భాగమే కింది మీటకు దిగుతుంది. ఆ కింది మీట మళ్ళీ ఇంకాస్త తగ్గించి వేలు ఆనే ట్రిగ్గర్ బ్లేడ్‌కు అందిస్తుంది. చివరి ఆనికలో నాలుగైదు కిలోల భారమే మిగిలితే, అదే పదో వంతు రాపిడికి అర కిలో లోపే అవుతుంది. అందుకే అదే 60 కిలోల స్ప్రింగ్ ఉన్నా ఆ ట్రిగ్గర్‌ను కిలో లోపు పెట్టుకుని నిశ్చింతగా వాడతారు. డయానా కంపెనీ టీ06 ట్రిగ్గర్ కూడా టూ స్టేజే. పేరు ఒకటే అయినా మీ పెట్టె మీద రాసినదానికీ దీనికీ లోపలి పని వేరు.

పాత డయానా 27 లాంటి వాటిలో మరో దారి పట్టారు. పిస్టన్ కడ్డీని కొక్కేనికి బదులు మూడు ఉక్కు గుండ్లు పట్టుకుంటాయి. చుట్టూ ఉన్న కప్పు జరిగితే గుండ్లు పక్కకు తప్పుకుంటాయి, కడ్డీ వదులవుతుంది. భారం మూడు గుండ్ల మీదకు పంచుకుపోతుంది కాబట్టి విడుదల శుభ్రంగా ఉంటుంది. విప్పి మళ్ళీ బిగించడం మాత్రం సహనానికి పరీక్ష. గ్రీజుతో గుండ్లను అతికించి పెట్టకపోతే ఒకటి ఎక్కడో దొర్లిపోతుంది.

ఇక స్టేజీ సంగతి. కాక్ చేసి పక్కన పెట్టిన రైఫిల్ కుదుపుకి పేలకూడదంటే సియర్ లోతుగా పట్టి ఉండాలి. 1 మి.మీ. పట్టు ఉందనుకోండి. సింగిల్ స్టేజ్‌లో ఆ మిల్లీమీటరంతా బరువుతో లాగాలి, లేదా పట్టును తగ్గించి భద్రతను వదులుకోవాలి. టూ స్టేజ్‌లో మొదటి లాగుడే 0.8 మి.మీ. తినేస్తుంది. తర్వాత మరో మీట ఆనుకుని వేలికి "గోడ" తగులుతుంది. మిగిలిన 0.2 మి.మీ.కే అసలు విడుదల. మనసు మార్చుకుని వేలు తీసేస్తే స్ప్రింగ్ మళ్ళీ మొత్తం 1 మి.మీ. పట్టుకు తెస్తుంది. అందుకే టూ స్టేజ్ తేలిగ్గా ఉన్నా క్షేమం.

మీదాంట్లో మొదటి వదులు నిజమైన మొదటి స్టేజ్ కాదని నా అనుమానం. ఆ దూరంలో సియర్ ఏమీ జరగడం లేదు, బ్లేడ్ ఖాళీగా వచ్చి సియర్‌ను తాకుతోందంతే. స్క్రూ తిప్పితే ఆ ఖాళీ తగ్గుతుంది, పట్టు లోతు మారదు. మీ రెండో ప్రశ్నకు జవాబు అదే. ఇంకా తిప్పితే బ్లేడ్ ఎప్పుడూ సియర్‌కు ఆనుకునే ఉండి, కాక్ చేసినా పట్టు సరిగా కూర్చోదు. కాక్ అయినట్టు టిక్ వినిపించకపోయినా, బ్యారెల్ వదలగానే ముందుకు లాక్కుపోతున్నా స్క్రూ హద్దు దాటిందని అర్థం. వెంటనే వెనక్కి తిప్పండి.

ఇప్పుడు ఆకురాయి. ఈ సియర్లలో పైపొరకే గట్టిదనం పట్టించిన ఉక్కు ఉంటుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో కొన్ని పదో వంతులే. రుద్దితే పొర పోతుంది, మెత్తటి లోహం బయటపడుతుంది, కొన్ని వందల షాట్లకు అంచు గుండ్రం తిరుగుతుంది. అంతకంటే ప్రమాదం కోణం. సియర్ ముఖం పిస్టన్ భారం కింద లోపలికే లాక్కునేలా కొద్దిగా వాలి ఉంటుంది. చేత్తో రుద్దితే అది ఒకటి రెండు డిగ్రీలు ఇట్టే మారిపోతుంది. కోణం బయటి వైపు తిరిగిందా, పిస్టనే సియర్‌ను బయటికి నెట్టేస్తుంది. అప్పుడు పెల్లెట్ పెట్టడానికి బ్యారెల్ విరిచి ఉన్న సమయంలో వేళ్ళు గొట్టం దగ్గరే ఉంటాయి. బ్యారెల్ మూసుకునే వేగానికి వేలు తెగిపోతుంది, బ్యారెల్ వంగిపోతుంది. కొన్ని మోడళ్ళలో దీన్ని ఆపే అడ్డు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉన్నా దాని మీద నమ్మకం పెట్టకుండా, పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్‌ను రెండో చేత్తో పట్టుకోవడమే సరైన అలవాటు.

మీరు చెయ్యదగ్గది ఒకటుంది. 2.3కీ 2.9కీ మధ్య 600 గ్రాముల తేడా రాపిడి ఒకేలా లేదని చెప్తోంది. ఒక చోట అతుక్కుని మరో చోట జారుతోంది, గరగర అదే. ఫ్యాక్టరీ గ్రీజులో సన్నటి లోహపు రజను కలిసి ఉంటుంది. ట్రిగ్గర్ దగ్గర శుభ్రం చేసి, సియర్ ఆనిక మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ పేస్టు పెట్టండి. అగ్గిపుల్ల కొసకు అంటినంత చాలు. పూశాక కనిపిస్తుంటే ఎక్కువైనట్టే, తుడిచేయండి. స్ప్రే నూనెలు మాత్రం లోపలికి కొట్టొద్దు. అవి పాకి పిస్టన్ ముందుకు చేరితే గాలి నొక్కుడుకు మండుతాయి. పొగ, వాసన, పెద్ద చప్పుడు వస్తాయి, సీల్ దెబ్బతింటుంది.

పెన్సిల్_గురి:

సియర్_మిత్ర గారు చెప్పినదంతా సరే. కానీ కొత్తవాళ్ళు ఇది చదివి "తేలిక ట్రిగ్గర్ ఉంటే గ్రూపు (లక్ష్యం మీద షాట్లు పడ్డ గుంపు) చిన్నదవుతుంది" అనుకునే ప్రమాదం ఉంది. అసలు చూడాల్సినవి రెండు: ట్రిగ్గర్ బరువుకీ రైఫిల్ బరువుకీ నిష్పత్తి, వరుసగా ఒకే చోట వదలడం.

3 కిలోల రైఫిల్‌ను 2.6 కిలోల బలంతో వెనక్కి లాగుతున్నామంటే, రైఫిల్ బరువులో ఎనభై శాతం పైగా బలం ఒక్క వేలి నుంచి వస్తోందన్నమాట. ఆ బలం నిలువునా వెనక్కి కాకుండా రెండు డిగ్రీలు పక్కకు ఉన్నా మూతి పక్కకు పోతుంది. కుడిచేతివాళ్ళకు గ్రూపు అడ్డంగా సాగితే మొదట వేలిని అనుమానించాలి. 900 గ్రాములుంటే అదే పక్క తోపు మూడో వంతుకు తగ్గుతుంది. అంతవరకే లాభం. అక్కడి నుంచి 400కి దిగితే స్ప్రింగ్ రైఫిల్‌లో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. దాని సొంత కుదుపే అంతకంటే ఎక్కువ.

ఇంకో మాట. స్ప్రింగ్ రైఫిల్‌లో సియర్ వదిలిన తర్వాత పిస్టన్ ముందుకు పరిగెత్తి గాలిని నొక్కాలి, అప్పుడే పెల్లెట్ కదులుతుంది. ఈలోపు రైఫిల్ చేతుల్లోనే ఎగిరెగిరి పడుతుంటుంది. కాబట్టి ట్రిగ్గర్ వదిలాక బ్లేడ్ ఎంత దూరం దూకి దేనికి కొట్టుకుంటుందన్నది ఇక్కడ గట్టిగా లెక్కలోకి వస్తుంది. 2.5 కిలోల బలంతో నొక్కుతున్న వేలికి అడ్డు ఒక్కసారిగా మాయమైతే బ్లేడ్ వెనక గార్డుకు తగులుతుంది, పెల్లెట్ ఇంకా గొట్టంలోనే ఉంటుంది. ఈ దూకుడును ఆపే ఓవర్‌ట్రావెల్ స్క్రూ ఉన్నవాళ్ళు విడుదల తర్వాత 0.3 నుంచి 0.5 మి.మీ. వదిలి ఆపుకోండి. అంతకంటే బిగిస్తే సియర్ పూర్తిగా తప్పుకోక, పిస్టన్ కొక్కెం దాన్ని రాసుకుంటూ పోతుంది. వేగం షాట్‌షాట్‌కీ మారుతుంది, అంచులు అరుగుతాయి.

బరువు కొలిచే పద్ధతి గురించి కూడా ఒక చిన్న సవరణ. తూకం కొక్కెం బ్లేడ్ మీద ఎక్కడ పెట్టారో చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. ట్రిగ్గర్ ఒక మీట. ఇరుసు నుంచి 25 మి.మీ. దూరంలో 1000 గ్రాములు వస్తే, 30 మి.మీ. దగ్గర అదే ట్రిగ్గర్ 833 గ్రాములు చూపిస్తుంది. మీ వేలు నిజంగా ఆనే చోట మార్కర్‌తో గీత పెట్టుకుని అక్కడే కొలవండి. వంపు బ్లేడ్ అయితే వేలు దానంతటదే ఒకే చోటికి జారుతుంది. తిన్నటి బ్లేడ్ మీద ఎక్కడైనా పెట్టొచ్చు, అందుకే దాంట్లో కిందికి పట్టినవాళ్ళు "ఎంత తేలిగ్గా ఉందో" అంటారు. ట్రిగ్గర్ మారలేదు, మీట పొడుగు మారింది.

టెన్_మీటర్:

మ్యాచ్ ట్రిగ్గర్ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నియమాల్లో ట్రిగ్గర్‌కు కనీస బరువు లేదు. ఎయిర్ పిస్టల్‌కు ఉంది, 500 గ్రాములు. పిస్టల్‌ను గొట్టం నిలువుగా పట్టి, బరువు తగిలించి లేపి చూస్తారు. రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అందుకే రైఫిల్ షూటర్లు 100 గ్రాముల చుట్టూ పెట్టుకుంటారు. అందులో 60, 70 మొదటి స్టేజ్‌కు, మిగతాది రెండోదానికి.

స్ప్రింగ్ అంటే బరువు ట్రిగ్గరే అనుకోనక్కర్లేదని ఫైన్‌వెర్క్‌బావు 300ఎస్ చూపిస్తుంది. అది స్ప్రింగ్ రైఫిలే, సైడ్ లీవర్‌తో కాక్ చేస్తారు, షాట్ సమయంలో యాక్షన్ మొత్తం పట్టాల మీద వెనక్కి జారి కుదుపును మింగేస్తుంది. ట్రిగ్గర్ మాత్రం మ్యాచ్ తరహా, వందల గ్రాముల్లోనే. మీటల వరుస ఎంత శ్రద్ధగా చేస్తే అంత.

అలాంటి ట్రిగ్గర్ మొదటిసారి పట్టుకున్నవాళ్ళకు మొదటి స్టేజే విడుదలలా అనిపిస్తుంది. తప్పు ట్రిగ్గర్‌ది కాదు. కిలోల బరువుకు అలవాటుపడ్డ వేలు, గోడ తగలకముందే దాన్ని దాటేస్తుంది. వంద గ్రాముల ట్రిగ్గర్‌లో గోడను పసిగట్టాలంటే వేలి కొస కండ మధ్యభాగం పెట్టాలి, కీలు గీత పెట్టకూడదు. కీలు దగ్గర చర్మం మందం, స్పర్శ మొద్దు. వేలు రెండో కణుపు స్టాక్‌కు తగలకూడదు. తగిలితే లాగినప్పుడల్లా స్టాక్‌ను పక్కకు నెడుతుంది.

బ్లేడ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే వీలుంటే మొదట అది సరిచేసుకోండి, ఆ తర్వాతే బరువు జోలికి. వేలి మధ్య కణుపు తొంభై డిగ్రీలకు వంగి, కొస కణుపు నిటారుగా వెనక్కి లాగేలా ఉండాలి. నా లెక్కలో బరువు వంద గ్రాములు తగ్గించడం కంటే బ్లేడ్ 5 మి.మీ. సరైన చోటికి జరపడమే ఎక్కువ మేలు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు కూడా ఉన్నాయి. మోరినీ 162ఈఐ ఎయిర్ పిస్టల్ అందరికీ తెలిసిందే, అదే పిస్టల్ మెకానికల్ ట్రిగ్గర్‌తో 162ఎంఐగా వస్తుంది. ఎలక్ట్రానిక్‌లో వేలు నొక్కేది స్విచ్‌నే, సియర్ భారం వేలికి అసలు రాదు. క్రీప్ (బరువు తగిలాక వదిలేలోపు బ్లేడ్ జారే దూరం) ఉండదు. గోడ, బరువు అన్నీ చిన్న స్ప్రింగులతో విడిగా అమర్చినవే, కాబట్టి రోజూ ఒకేలా ఉంటాయి. బ్యాటరీ చచ్చిందా, ఆ రోజు పోటీ చచ్చినట్టే. విడి బ్యాటరీ పెట్టెలో ఉండాలి.

పెన్సిల్_గురి:

టెన్_మీటర్ అన్నా, అందరూ గోడ కోరుకోరు కదా. గోడ లేకుండా, మొదటి నుంచి చివరి దాకా మెత్తగా దొర్లే "రోలింగ్" ట్రిగ్గర్ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. గోడ దగ్గర ఆగి "ఇప్పుడా, ఇంకాసేపా" అని తచ్చాడేవాళ్ళకు అదే మేలు.

టెన్_మీటర్:

ఒప్పుకుంటా. కాకపోతే రోలింగ్ అంటే నున్నటి క్రీప్. గరగరలాడే క్రీప్‌ను రోలింగ్ అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. మ్యాచ్ ట్రిగ్గర్‌లో కావాలని పెట్టుకున్నదానికీ, పాయింట్177 గారి ట్రిగ్గర్ తనంతట తాను చేస్తున్నదానికీ క్రీప్ అన్న పేరు ఒక్కటే కలుస్తుంది.

గాలి_సిలిండర్:

నాలుగో ప్రశ్నకు నేను. పీసీపీలో సియర్ ఆపాల్సింది పిస్టన్‌ను కాదు, గాలి వాల్వును కొట్టి తెరిచే హామర్‌ను. దాని స్ప్రింగ్ భారం కొన్ని కిలోలే. 60 కిలోల బదులు 5 కిలోలు అనుకుంటే, మీ రైఫిల్‌లో ఉన్నంత మొరటు ట్రిగ్గర్ పెట్టినా వేలికి కొన్ని వందల గ్రాములే తెలుస్తాయి. కాబట్టి బాధ చాలావరకు పోతుంది, పూర్తిగా పోతుందని కాదు.

పోకపోవడానికి కారణాలున్నాయి. సియర్ భారం తక్కువ కదా అని చవక పీసీపీల్లో ఒకే సియర్, రేకు కత్తిరించి చేసిన బ్లేడ్ పెడతారు. బరువు తేలిగ్గానే ఉంటుంది, విడుదల మాత్రం మబ్బుగా ఉంటుంది. వేలికి గోడ ఎక్కడుందో అందదు. ఇంకోటి, శక్తి పెంచుకోవడానికి హామర్ స్ప్రింగ్‌ను బిగిస్తారు చూడండి, నేరుగా సియర్ ఉన్న రైఫిల్‌లో దాంతోపాటే ట్రిగ్గర్ బరువూ పెరుగుతుంది. "వేగం పెంచాక ట్రిగ్గర్ పాడైంది" అని అడిగేవాళ్ళందరికీ జవాబు ఇదే. ట్రిగ్గర్ సర్దడం హామర్ స్ప్రింగ్ ఖాయం చేసుకున్నాకే మొదలుపెట్టాలి, ముందు కాదు.

పీసీపీలో అతి తేలిక చేస్తే వచ్చే తంటా వేరు. బోల్ట్ గట్టిగా మూస్తే ఆ తాకిడికే హామర్ జారి షాట్ వెళ్తుంది. ట్రిగ్గర్ సర్దాక చేసే పరీక్షలో దీన్ని కూడా కలపాలి.

ఉత్తి ట్రిగ్గర్ అభ్యాసం సంగతి: మ్యాచ్ పీసీపీల్లో గాలి ఖర్చవకుండా ట్రిగ్గర్ ఒక్కటే పనిచేసే డ్రై ఫైర్ అమరిక ఉంటుంది. అది వాడుకోండి. స్ప్రింగ్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా కొట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. పెల్లెట్ వెనక గాలి మెత్త ఉంటేనే పిస్టన్ నెమ్మదిస్తుంది. అది లేకపోతే పిస్టన్ నేరుగా సిలిండర్ ముందు గోడకు గుద్దుకుంటుంది, సీల్, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి.

నట్టు_బోల్టు:

సర్దే క్రమం రాస్తున్నా. నిజంగా టూ స్టేజ్ అయిన, రెండు మూడు స్క్రూలున్న ట్రిగ్గర్లకు ఇది. కంపెనీ మాన్యువల్‌లో ఏ స్క్రూ దేనికో చూసుకోకుండా మొదలుపెట్టొద్దు. ఒకే బ్రాండ్‌లోనే మోడల్ మారితే స్క్రూల చోట్లు మారతాయి.

మొదట ప్రతి స్క్రూ తల మీద, పక్కనున్న లోహం మీద కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత. కాగితం మీద "మొదటి స్టేజ్: 0, బరువు: 0, ఓవర్‌ట్రావెల్: 0" అని రాసుకోండి. ప్రతి మార్పూ ఎనిమిదో వంతు చుట్టే, ఒకసారికి ఒక్క స్క్రూనే. రెండు స్క్రూలు ఒకేసారి తిప్పిన మరుక్షణం ఎక్కడున్నామో తెలియదు.

వరుస ఇది. ఓవర్‌ట్రావెల్ స్క్రూ ఉంటే ముందు బాగా వెనక్కి విప్పేయండి, అది అడ్డుపడితే మిగతావి తప్పుగా తెలుస్తాయి. తర్వాత బరువు స్క్రూతో రిటర్న్ స్ప్రింగ్‌ను సగానికి తెచ్చుకోండి. ఆ తర్వాత మొదటి స్టేజ్ స్క్రూ. ప్రతి ఎనిమిదో వంతుకీ షాట్ కొట్టి గోడ స్పష్టంగా తగులుతోందా చూడండి. తిప్పుతూ పోతే ఒక చోట గోడ మాయమవుతుంది, అంటే మొదటి స్టేజే పట్టునంతా తినేసి నేరుగా వదిలేస్తోంది. చాలామంది "ఆహా, ఎంత తేలిక" అని ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. అది హద్దు దాటిన చోటు. అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి రండి. చివర్లో ఓవర్‌ట్రావెల్.

ఇక పరీక్ష. మూతి పెల్లెట్ ఆపే పెట్టె వైపే ఉండాలి, కళ్ళకు అద్దాలు ఉండాలి. స్ప్రింగ్ రైఫిల్‌లో పెల్లెట్ పెట్టే చేయండి, పరీక్షలో జారినా పిస్టన్‌కు దెబ్బ ఉండదు. కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. తీయగానే షాట్ వెళ్ళకూడదు. తర్వాత సేఫ్టీ లేకుండా, వేలు గార్డు బయట పెట్టి, స్టాక్ వెనక అరచేత్తో నాలుగైదు సార్లు గట్టిగా తట్టండి. ఇరుపక్కలా కూడా. మొదటి స్టేజ్ గోడ దాకా లాగి వేలు వదిలేయండి, మళ్ళీ లాగితే గోడ అదే చోట తగలాలి. గాలి_సిలిండర్ గారు అన్నట్టు పీసీపీ అయితే బోల్ట్‌ను విసురుగా మూసి చూడండి. ఒక్కదాంట్లో తప్పినా స్క్రూలన్నీ సున్నా గీతకు తెచ్చి మళ్ళీ మొదటి నుంచి.

ఫలితం చూడ్డానికి ఒక్క గ్రూపు సరిపోదు. 10 మీటర్ల దగ్గర, అయిదు షాట్లవి అయిదు గ్రూపులు, సర్దకముందు, సర్దాక. స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టి దిమ్మె మీద ఆనించకండి, మెత్తటి సంచి మీద పెట్టిన అరచేతిలో వదులుగా ఉంచండి. లేకపోతే మీరు కొలిచేది ట్రిగ్గర్‌ను కాదు, దిమ్మె మీద ఎగిరే రైఫిల్‌ను.

పాయింట్177:

అందరికీ ధన్యవాదాలు. స్క్రూను మొదటి చోటికి తెచ్చాను. పాత గ్రీజు తీసేస్తే నల్లటి పేస్టులా వచ్చింది. మాలిబ్డినం పేస్టు పెట్టాక పది కొలతలు 1.9 నుంచి 2.1 మధ్య ఉన్నాయి. గరగర లేదు, మూడు మిల్లీమీటర్ల జారుడు మాత్రం అలాగే ఉంది. ఇంకో రెండు విషయాలు. నలభై షాట్లకు స్క్రూ దానంతటదే తిరిగిపోతోంది. బ్లేడ్ ప్లాస్టిక్‌ది, గట్టిగా లాగితే కొద్దిగా వంగుతున్నట్టుంది. కొన్ని ట్రిగ్గర్లకు పొడవాటి స్క్రూ వేసి క్రీప్ తగ్గిస్తారని కూడా చదివాను.

సియర్_మిత్ర:

200 గ్రాముల లోపు తేడా అంటే ఆ తరహా ట్రిగ్గర్‌కు చాలా మంచి అంకె. రాపిడి తగ్గింది, పట్టు లోతు తగ్గలేదు. అందుకే జారుడు అలాగే ఉంది, ఉండాలి కూడా.

పొడవాటి స్క్రూ కిటుకు పనిచేస్తుంది, కాదనను. అది చేసేది సియర్ పట్టును ముందే కొంత తినేసి పెట్టడం. అంటే టూ స్టేజ్‌లో వేలు చేసే పనిని స్క్రూ శాశ్వతంగా చేసేస్తోంది. వేలు తీసినా పట్టు తిరిగి రాదు. కాక్ చేసిన క్షణం నుంచి షాట్ దాకా రైఫిల్ ఆ కొద్ది పట్టు మీదే నిలబడి ఉంటుంది, అదీ అరుగుతున్న అంచు మీద. ఇవాళ నట్టు_బోల్టు గారి పరీక్షలో నెగ్గినా వెయ్యి షాట్ల తర్వాత నెగ్గుతుందని చెప్పలేం. మీ మోడల్‌కు సరిపోయే పూర్తి ట్రిగ్గర్ యూనిట్ దొరికితే అది మార్చుకోవడం వేరే విషయం. అందులో సియర్, బ్లేడ్ కోణాలు కలిసే డిజైన్ అవుతాయి.

ప్లాస్టిక్ బ్లేడ్ వంగడం మీ ఊహ కాదు. అది వంగినంతసేపూ వేలు కదులుతుంది, సియర్ కదలదు. వేలికి అది కూడా క్రీప్‌లాగే తెలుస్తుంది. మీ మూడు మిల్లీమీటర్లలో కొంత వాటా దానిదే అయి ఉంటుంది. లోహపు బ్లేడ్ విడిగా దొరికితే, ఇరుసు రంధ్రం వ్యాసం, సియర్‌ను తాకే ముక్కు పొడవు పాతదానితో సమానంగా ఉన్నాయో కాలిపర్‌తో కొలిచాకే వేయండి. ముక్కు అర మిల్లీమీటరు పొడుగున్నా పొడవాటి స్క్రూ వేసినట్టే అవుతుంది.

నట్టు_బోల్టు:

స్క్రూ తిరిగిపోవడానికి థ్రెడ్ లాకర్ వాడాలని మనసవుతుంది, మీ బ్లేడ్‌కు వద్దు. అది లోహానికి. కొన్ని ప్లాస్టిక్‌లను అది పగుళ్ళు తీయిస్తుంది. స్క్రూ మరల మీద టెఫ్లాన్ టేపు ఒక్క చుట్టు చుట్టి బిగించండి, మర తిరిగే దిశలోనే చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. లోహపు బ్లేడ్ వేశాక మధ్యరకం లాకర్ ఒక చుక్కలో సగం, స్క్రూను బయటికి తీసి పూసి, ఇరవై నాలుగు గంటలు వదిలేయండి. బిగించి ఉన్న స్క్రూ మీద పోస్తే ఇరుసు పిన్ను దాకా పాకి ట్రిగ్గర్‌నే అతికించేస్తుంది.

చలికాలంలో బ్లేడ్ వెనక్కి తిరిగి రావడం నెమ్మదిస్తే ముందు స్క్రూను అనుమానించకండి. ఇరుసు దగ్గర మందం గ్రీజు గట్టిపడి ఉంటుంది. అక్కడ గ్రీజు తుడిచి, పల్చటి నూనె సూది మొనతో ఒక్క చుక్క. మాలిబ్డినం పేస్టు సియర్ ముఖానికే, ఇరుసుకు కాదు.